కమ్మీ కింద 45 ఎంఎం వదలండి చిన్నాయనా!

మా పాత ఇంటి వసారా శ్లాబు ఓ తెల్లవారుజామున ఊడి కింద పడింది. మొత్తం కాదు లెండి, చాటంత పెచ్చు ఒకటి. కానీ అది పడింది అమ్మ రోజూ పడుకునే మంచం మీద. ఆ ఒక్క రాత్రి అమ్మ కావలిలో అక్క వాళ్ళింట్లో ఉంది కాబట్టి నేనిది ఇలా తీరిగ్గా రాయగలుగుతున్నాను.

నాయన ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. జూమ్ చేసి చూశా. పెచ్చు ఊడిన చోట కమ్మీలు బయటపడ్డాయి. అవి కమ్మీల్లా లేవు, తడిసిన అట్టముక్కల్లా పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. తుప్పు పడితే ఇనుము సన్నబడుతుందని మనం అనుకుంటాం. కానీ ముందు జరిగేది ఉబ్బడం. తుప్పుకి ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి. ఆ చోటు కోసం చుట్టూ ఉన్న కాంక్రీటుని లోపలి నుంచి తోసి పగలగొడుతుంది. మాది జువ్వలదిన్నె. నెల్లూరు జిల్లా బోగోలు మండలం. మా దగ్గర గాలి పీల్చినా ఉప్పే.

తప్పెవరిది? ఇంట్లో వారం రోజులు ఇదే పంచాయితీ. మేస్త్రీని అడిగితే "సిమెంటు, ఇసక తెచ్చింది మీ నాయనే గదా పాపా" అన్నాడు. నాయన్ని అడిగితే "కమ్మీ కట్టినోడు సరిగ్గా కట్టలా" అన్నాడు. కమ్మీ కట్టినాయన్ని పట్టుకుంటే "కింద బిళ్ళలు పెట్టమని నాకెవరు చెప్పినారు?" అన్నాడు. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. ఆ ఇల్లు కట్టేటప్పుడు కాగితం మీద ఉన్నది ఒక్కటే: అడుగుకి ఇంత అని రేటు. ఎలా కట్టాలో ఎక్కడా రాసుకోలేదు.

నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. ఎందుకంటే నా ఉద్యోగమే అది. ఎలా కట్టాలో రాయడం. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని, నేనెప్పుడూ చూడని అమెరికా ఊళ్ళలో స్కూళ్ళకీ ఆసుపత్రులకీ స్పెసిఫికేషన్లు తయారుచేసే టీమ్‌లో పనిచేస్తున్నా. మా అమ్మ మంచం మీద ఉన్న శ్లాబుకి మాత్రం ఒక్క లైను కూడా రాయలేదు.

అసలు స్పెసిఫికేషన్ అంటే ఏంది?

ఒక బిల్డింగ్ కట్టడానికి ముఖ్యంగా మూడు రకాల కాగితాలుంటాయి. డ్రాయింగ్ చెప్పేది ఎక్కడ, ఏ ఆకారంలో అని. క్వాంటిటీల పట్టీ చెప్పేది ఎంత అని. స్పెసిఫికేషన్ చెప్పేది ఎలాంటిది, ఎలా అని. చేపల పులుసు అనుకోండి. రెండు కిలోల కొరమీను, పావు కిలో చింతపండు అని రాస్తే అది పట్టీ. ముక్కలు ఎప్పుడు వెయ్యాలి, గరిటె పెట్టి కలపకూడదు, ఎంతసేపు దించకూడదు... ఇదంతా స్పెసిఫికేషన్. పట్టీ సరిగ్గా ఉండి పులుసు పాడైన ఇళ్ళు బోలెడు.

చిక్కేమిటంటే, పెద్ద ప్రాజెక్టులో ఈ "ఎలా" అన్నది వేల వాక్యాలుంటుంది. వాటిని ఏ వరసలో పెట్టాలి? ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తే, తలుపు బందుల గురించి చెక్కపని కింద రాశారా, ఇనుప పని కింద రాశారా అని వెతకడానికే రోజు గడిచిపోతుంది. అమెరికాలో ఈ తలనొప్పికి మందు కనిపెట్టడానికి 1948లో ఒక సంస్థే పుట్టింది, కన్‌స్ట్రక్షన్ స్పెసిఫికేషన్స్ ఇన్‌స్టిట్యూట్ అని. 1963లో వాళ్ళు బిల్డింగ్ మొత్తాన్ని 16 డివిజన్లుగా విడగొట్టారు. తర్వాత దానికి మాస్టర్‌ఫార్మాట్ అని పేరొచ్చింది.

ఆ 16లో ప్లంబింగ్, ఏసీ లాంటివన్నీ 15లో, కరెంటుకి సంబంధించినవన్నీ 16లో. కాలం గడిచే కొద్దీ కంప్యూటర్ కేబుళ్ళు, కెమెరాలు, ఫైర్ అలారాలు వచ్చిపడి ఆ చివరి రెండు అరలూ సంక్రాంతి ముందు బస్సుల్లా కిక్కిరిశాయి. 2004లో మొత్తం తిరగదోడి 50 డివిజన్లు చేశారు. అన్నీ నింపలేదు, కొన్ని ముందు ముందు అవసరానికి ఖాళీగా వదిలారు. నాకు ఆ ఖాళీలంటే ఇష్టం. రేపు ఏం వస్తుందో మాకు తెలీదని ఒప్పుకున్న కమిటీలు లోకంలో ఎన్నుంటాయి చెప్పండి?

ఇప్పుడు మా ఆఫీసులో 03 అంటే కాంక్రీటు. 05 ఇనుము. 08 తలుపులు, కిటికీలు. 09 ప్లాస్టింగ్, టైల్స్, రంగులు. 22 ప్లంబింగ్, 26 కరెంటు. 03 30 00 అంటే సైట్‌లో పోసే కాంక్రీటు. చికాగోలో ఆర్కిటెక్ట్‌కీ, టెక్సాస్‌లో కాంట్రాక్టర్‌కీ, హైదరాబాద్‌లో నాకూ ఆ ఆరంకెలకి అర్థం ఒకటే.

ప్రతి సెక్షన్ లోపల మళ్ళీ మూడు భాగాలు. మొదటిది సాధారణ విషయాలు: ఎవరు ఎవరికి ఏం చూపించాలి, ఏ పరీక్షలు. రెండోది సామాను. మూడోది పని చేసే తీరు. ఈ మూడు భాగాల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మా ఇంటి దగ్గర పనికొస్తుంది.

నేను చేసిన ఘనకార్యం

చేరిన కొత్తలో ఒక ప్రాజెక్టులో కాంక్రీటు బలం ఎంతుండాలో రెండు చోట్ల రాశా. కాంక్రీటు సెక్షన్‌లో ఒకసారి, ఫ్లోరింగ్ సెక్షన్‌లో "చదివేవాళ్ళకి సులువుగా ఉంటుందని" ఇంకోసారి. తర్వాత డిజైనర్ 4,000 పీఎస్‌ఐని 5,000 చేశాడు. నేను ఒకచోట మార్చి రెండోచోట మర్చిపోయా. అక్కడి కాంట్రాక్టర్ నుంచి ప్రశ్న వచ్చింది: "రెంటిలో ఏది?" పైగా అతను రేటు ఇచ్చింది తక్కువ దానికి. అతని తప్పేం లేదు కదా.

మా సీనియర్ అరవలేదు. అరిచినా బావుండేది. "ఒక్కసారే చెప్పు, సరైన చోట చెప్పు" అని మాత్రం అంది. అది ఆవిడ సొంత మాట కాదు, ఈ రంగంలో అందరూ చెప్పుకునే మాటే. కానీ ఆ రోజు నాకు ఎక్కింది. నంబర్లు ఉన్నది అందం కోసం కాదు. ప్రతి వాక్యానికీ ఒక ఇల్లు ఉండటం కోసం. ఇల్లు ఉంటే మార్చేటప్పుడు ఎక్కడికెళ్ళాలో తెలుస్తుంది, తప్పు జరిగితే ఎవర్ని అడగాలో తెలుస్తుంది.

ఇలా రకాల వారీగా సర్దడం ఒక్కటే పద్ధతి కాదు. మా ఒడ్డున చూడండి. బోటు రాగానే చేపల్ని రకం వారీగా కుప్పలు పోస్తారు, వంజరం ఒకచోట, రొయ్య ఒకచోట. కొనేవాళ్ళకి అదే కావాలి. బోటు ఓనర్‌కి మాత్రం బోటు వారీ లెక్క కావాలి, ఏ బోటుకి డీజిల్ ఎంత, మిగిలిందెంత అని. బిల్డింగ్‌కీ అంతే. మాస్టర్‌ఫార్మాట్ రకం వారీ కుప్ప. యూనిఫార్మాట్ అని ఇంకోటుంది, అది భాగాల వారీ: పునాది ఒకటి, పైకట్టడం ఒకటి, లోపలి పనులు ఒకటి. తొలి దశలో ఖర్చు అంచనాకి అది మేలు. బ్రిటన్‌లో యూనిక్లాస్ వాడతారు, 1997 నుంచి ఉంది.

మరి మనకి?

మనకి లేవని అనుకుంటారు చాలామంది. నేనూ బీటెక్ అయ్యేదాకా అదే అనుకున్నా, సిగ్గుపడే విషయమే. కేంద్ర ప్రభుత్వ భవనాలకి సీపీడబ్ల్యూడీ స్పెసిఫికేషన్లు రెండు సంపుటాలున్నాయి, 2019వి. వాటికి జోడీగా రేట్ల పుస్తకం. అందులో 5వ అధ్యాయం ఆర్‌సీసీ, 5.22.6 అంటే టీఎంటీ కమ్మీ. కొలతలు ఎలా తీయాలో ఐఎస్ 1200 చెప్తుంది, మొదటి భాగం మట్టిపని, రెండోది కాంక్రీటు, అలా. రోడ్లకైతే అందరూ ఆరెంజ్ బుక్ అనే కేంద్ర రోడ్ల శాఖ పుస్తకం.

మన రాష్ట్రానికి వేరే పుస్తకం ఉంది. ఆంధ్రప్రదేశ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్, పొట్టిగా ఏపీఎస్‌ఎస్. దీని తాత మదరాసులో ఉన్నాడు: మద్రాస్ డీటెయిల్డ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్. 1953 దాకా మన నెల్లూరు మదరాసు రాష్ట్రంలోదే కదా, జిల్లాతో పాటు పుస్తకమూ వచ్చేసింది. ఏ పంచాయతీ బిల్డింగ్ టెండర్ పీడీఎఫ్ తెరిచినా దాని నంబర్లు కనబడతాయి. కాంక్రీటు దగ్గర ఏపీఎస్‌ఎస్ 402, కమ్మీ దగ్గర 126. అమెరికా వాళ్ళ ఆరంకెల్లా వరస వెనక తర్కం చూడగానే తట్టదు. కానీ మన ఏఈలకి ఆ నంబర్లు నోటికి వచ్చు.

ఆ పుస్తకం ముందు భాగంలో ప్రిలిమినరీ స్పెసిఫికేషన్ అని షరతులుంటాయి. అందులో 59వ క్లాజు గురించి కాంట్రాక్టర్లని అడిగి చూడండి, మొహాలు మారిపోతాయి. పని ఆలస్యమైతే, అడ్డంకి ఏ కారణం వల్ల వచ్చినా సరే, అందులో చెప్పిన మేరకు తప్ప నష్టపరిహారం అడగకూడదన్నది దాని సారాంశం. స్థలం ఇవ్వడం ఆలస్యమై, ఈలోగా సిమెంటు రేటు పెరిగితే? గడువు పొడిగిస్తారు. డబ్బు మాత్రం కష్టం. ఈ ఒక్క నంబర్ మీద కేసులు హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. రామలింగారెడ్డి అనే కాంట్రాక్టర్ కేసులో సుప్రీంకోర్టు ఆ క్లాజు పక్షానే నిలబడింది. అది న్యాయమా అంటే, ఆలస్యానికి కారణం ఆఫీసు అయినప్పుడు కూడా నష్టం కాంట్రాక్టరే మొయ్యాలనడం నాకు మింగుడు పడదు. కానీ టెండర్‌లో "ఏపీఎస్‌ఎస్ ప్రకారం" అన్న ఒక్క ముక్క మీద సంతకం పెడితే, చదవని ఆ పుస్తకం మొత్తం మీదా పెట్టినట్టే. యాప్‌లలో "ఐ అగ్రీ" నొక్కే మన తరానికి ఇది వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

మా ఊరి పేరు మీరు వార్తల్లో వినే ఉంటారు, ఫిషింగ్ హార్బర్ వల్ల. 2020 నవంబర్ 21న, ప్రపంచ మత్స్య దినోత్సవం నాడు, నాలుగు హార్బర్లకి ఒకేసారి శంకుస్థాపన జరిగింది: మాది, నిజాంపట్నం, మచిలీపట్నం, ఉప్పాడ. మాదాని అంచనా 289 కోట్ల దాకా. లాక్‌డౌన్‌లో ఇంట్లో ఉన్నప్పుడు నేను సరదాకి దాన్ని మాస్టర్‌ఫార్మాట్ అరల్లో సర్ది చూశా. అలల్ని ఆపే రాతి కట్టలు 35లోకి, అది నీటి మీద కట్టేవాటి డివిజన్. పైల్స్ 31. వేలంపాట షెడ్డు ఒక్కటే 03, 05, 07, 26... ఇలా అరడజను అరల్లోకి చెదిరిపోయింది. అంత పెద్ద పనిలో ఎవరు దేనికి జవాబుదారీ అన్నది ఇలాంటి సర్దుడు లేకపోతే తేలదు. అంతటి హార్బర్ దాకా ఎందుకు, రెండు గదుల ఇంటికే తేల్లేదు కదా మాకు.

రెండు పేజీలు

పాత ఇల్లు పడగొట్టి కొత్తది మొదలుపెట్టాం. మేస్త్రీ ఆయనే. ఊళ్ళో వేరే మేస్త్రీని పెడితే ఆయన మొహం ఎలా చూస్తాం అంది అమ్మ. సరే, అయితే నా షరతు ఒకటి అన్నా. రాసిస్తాను, రాసినట్టు కట్టాలి.

తెలుగులో రెండు పేజీలు టైప్ చేశా. ఆఫీసు పద్ధతే: మట్టిపని, కాంక్రీటు, గోడలు, తలుపులు, రంగులు, ప్లంబింగ్, కరెంటు. ఒక్కోదాని కింద మూడు భాగాలు.

కాంక్రీటుకి ఐఎస్ 456 (2000 నాటిది) దగ్గర పెట్టుకున్నా. మీరు తీరంలో ఇల్లు కట్టేటట్టయితే అందులో రెండు పట్టికలు తప్పక చూడండి, లేదా మీ ఇంజినీర్ చేత చూపించండి. మీ కాంక్రీటు ఎలాంటి వాతావరణంలో ఉందో ఐదు మెట్లుగా చెప్తుంది. ఉప్పు గాలి నేరుగా తగలకుండా లోపల ఉంటే "మోడరేట్". తీరపు గాలికి బయట ఉంటే "సివియర్". సముద్రపు తుంపర పడితే "వెరీ సివియర్". పోటుపాట్ల మధ్య ఉండే జెట్టీ స్తంభాల్లాంటివి "ఎక్స్‌ట్రీమ్". మెట్టుని బట్టి కమ్మీ మీద కాంక్రీటు కవర్ ఉండాలి: మోడరేట్‌కి 30 ఎంఎం, సివియర్‌కి 45, తర్వాత 50, చివరిదానికి 75. కాంక్రీటు గ్రేడ్ కూడా ఎం25, ఎం30, ఎం35, ఎం40 అని పెరుగుతుంది.

మా పాత వసారాలో టేపు పెట్టి కొలిచా. కమ్మీ కింద ఉన్నది ఒక సెంటీమీటరు. కొన్నిచోట్ల అదీ లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కవర్ పెంచితే కమ్మీ పైకి జరుగుతుంది, శ్లాబు బలం లెక్క మారుతుంది. ఉన్న మందంలోనే కమ్మీ లేపేస్తే ఒక రోగానికి మందేసి ఇంకోటి తెచ్చుకున్నట్టే. కాలేజీలో నా సీనియర్ ఒకాయన డిజైన్ చేసే పని చేస్తాడు. ఆయన చేత మళ్ళీ లెక్క వేయిస్తే వసారా శ్లాబు ఆరంగుళాలకి వెళ్ళింది.

మేస్త్రీ చిన్నాయన ఫోన్‌లో పీడీఎఫ్ అంతా చదివించుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంత చదివించి మీ నాయన నీకు నేర్పించింది ఇదా పాపా, మనుషుల్ని నమ్మకపోవడం?"

నా దగ్గర జవాబు సిద్ధంగా లేదు. కొంచెం తడబడి అన్నా: "నమ్మక కాదు చిన్నాయనా. పోయినసారి ముగ్గురు కొట్లాడుకున్నారు. ఈసారి ఏదన్నా జరిగితే కాగితాన్ని అడుగుదాం, మనం మనం అనుకోవద్దు."

దానికి ఒప్పుకున్నాడో లేదో తెలీదు గానీ బేరం మాత్రం మొదలుపెట్టాడు. "గదుల్లో 30, వసారాలో 45 అంటే బిళ్ళలు కలిసిపోతాయి, అంతటా 30 వేద్దాం." వద్దని, రెండు సైజులూ రెండు రంగుల సంచుల్లో కొన్నాం. "1:1.5:3 వేస్తే చాలదా?" ఆ కొలత ఎం20కి. కోడ్ ప్రకారం అలా పాళ్ళతో కలపడం ఎం20 దాకానే, ఎం30 కావాలంటే ల్యాబ్‌లో మిక్స్ డిజైన్ చేయించి, తూకం వేసి కలపాలి. "బోరు నీళ్ళు ఉండగా ట్యాంకర్ దేనికి?" ఇది పెద్ద గొడవ. ఆర్‌సీసీలో వాడే నీళ్ళలో లీటరుకి 500 మిల్లీగ్రాముల క్లోరైడ్ దాటకూడదు. మా బోరు నీళ్ళు పరీక్షకి పంపిస్తే దానికి రెట్టింపు పైనే వచ్చింది. నాయన ఆ రిపోర్ట్ కాగితం చేత్తో పట్టుకుని, "ఇన్నేళ్ళూ ఇవేనా మనం తాగింది" అన్నాడు. మేం తాగేది వాటర్ క్యానే, కానీ ఆయన అన్నది నాకు అర్థమైంది.

శ్లాబు రోజు నేను లీవ్ పెట్టి వచ్చా. రాసుకున్న రూల్ ప్రకారం నేను కమ్మీలు చూసి సరే అనేదాకా మిల్లర్ తిరగకూడదు. వసారా మూల నాలుగు చోట్ల ఎర్ర సంచి బిళ్ళలకి బదులు తెల్ల సంచివి ఉన్నాయి. అడిగేలోపే చిన్నాయన కుర్రాడి మీద అరిచాడు: "45 అని రాసుండాది గదరా, చదవలేదా?" ఆ కుర్రాడికి తెలుగు రాదు, ఒడిశా నుంచి వచ్చాడు. బిళ్ళలు మార్చేసరికి గంట పట్టింది. కూలీలు ఎనిమిది మందీ ఎండలో కూర్చుని నన్నే చూస్తున్నారు. అంత పొడుగు గంట నేనెప్పుడూ చూడలేదు. మిల్లర్ తిరిగాక అమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చింది.

పద్నాలుగు రోజులు నీళ్ళు కట్టాం. గృహప్రవేశం అయింది. అమ్మ మంచం మళ్ళీ వసారాలోకి వచ్చింది.

మొన్న దీపావళికి వెళ్తే నాయన మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి ఇనుప రెయిలింగ్ చూపించాడు. వెల్డింగ్ చేసిన చోటల్లా ఎర్రగా తుప్పు, రంగు కింద నుంచి పొక్కులు లేస్తోంది. ఒక్క వానాకాలానికే. మేస్త్రీని అడిగితే "వెల్డర్ ప్రైమర్ కొట్టాలి" అన్నాడు. వెల్డర్ని అడిగితే "అది పెయింటర్ పని" అన్నాడు. పెయింటర్ "నాకిచ్చింది రెండు కోటింగ్‌లే" అన్నాడు. ఫోన్ తీసి నా పీడీఎఫ్ చూశా. ఇనుము కింద రెయిలింగ్ ఉంది. రంగుల కింద గోడలున్నాయి. ప్రైమర్ అన్న మాట రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

"నువ్వే గదా రాసింది" అన్నాడు నాయన.